ఫిల్మ్ కడిగే ముందు కుండలో నీళ్లు పోయండి

ప్రశ్న: సార్, మాది కడప. మా నాన్న వాడిన జెనిత్-ఇ కెమెరా బీరువాలో దొరికింది. నాన్న పోయి ఆరేళ్లయింది. కెమెరాలో సగం వాడిన రీలు ఒకటి ఉంటే చీకట్లో రివైండ్ చేసి దాచాను. దాని మీద ఓర్వో ఎన్‌పీ 22 అని ఉంది. నేను ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5, అంటే 400 స్పీడు బ్లాక్ అండ్ వైట్ రీలు తెప్పించుకుని ఏప్రిల్‌లో గండికోట వెళ్లి తీశాను. ఇంట్లోనే ఐడి-11 డెవలపర్‌లో అంతే నీళ్లు కలిపి, చార్టులో ఉన్నట్టే 13 నిమిషాలు ఉంచాను. నెగెటివ్‌లు బొగ్గులా వచ్చాయి. అంచున ఉండే అక్షరాలు కూడా లావెక్కి పొగచూరినట్టున్నాయి. రెండు చోట్ల పాలమీగడ అంటుకున్నట్టు తెల్లటి మచ్చలు. ఆరాక ఒళ్లంతా ఉప్పు చుక్కలు. ఏసీ లేని ఇంట్లో ఈ పని అసలు కుదురుతుందా? మన ఎండకు ఏ ఫిల్మ్ మంచిది? నాన్న రీలు కడగాలంటే టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, కడప

సమాధానం:

అమ్మా, ముందు ఆ గండికోట నెగెటివ్‌లను పారేయకండి. అందులో కొంత ఇప్పటికీ బాగుచేసుకోవచ్చు, ఎలాగో కింద చెప్తాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫిల్మ్ పేరు రాశారు, డెవలపర్ పేరు రాశారు, ఎన్ని నిమిషాలో రాశారు. ఒక్క అంకె మాత్రం లేదు. నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయి? కొలిచి ఉంటే రాసేవారు, కాబట్టి కొలవలేదనే అనుకుంటున్నాను. చార్టులో ఉన్న 13 నిమిషాలు 20 డిగ్రీల నీళ్లకు. ఆ చార్టు తయారైంది ఇంగ్లండ్‌లో. వాళ్లు చలికాలంలో కొళాయి నీళ్లను 20కి తేవడానికి వేడి చేసుకుంటారు. మనకు ఏప్రిల్‌లో మిద్దె మీద ట్యాంకు నీళ్లు పొద్దున్నే 30 చూపిస్తాయి, మధ్యాహ్నమైతే కాళ్లు కడుక్కోవడానికే భయం.

వేడి పెరిగేకొద్దీ డెవలపర్ తొందరపడుతుంది. ఇల్‌ఫర్డ్ వాళ్లే ఒక లెక్క చెప్తారు: 20 డిగ్రీల దగ్గర 4 నిమిషాలు పట్టే పని 23 డిగ్రీల దగ్గర 3 నిమిషాల్లో అయిపోతుంది, 16 దగ్గర 6 నిమిషాలు పడుతుంది. అంటే మూడు డిగ్రీలు పెరిగితే ముప్పావు వంతు టైమే చాలు. ఈ లెక్కన మీ 13 నిమిషాల పని 30 డిగ్రీల నీళ్లలో 5 నిమిషాలకే పూర్తయి ఉండాలి. మీరు రెండున్నర రెట్లు ఉడికించారు.

ఇది ఊహ కాదనడానికి సాక్ష్యం మీరే ఇచ్చారు, ఆ అంచు అక్షరాలు. వాటిని ఫ్యాక్టరీలోనే ముద్రిస్తారు, మీ కెమెరాకూ వాటికీ సంబంధం లేదు. అవి సన్నగా, స్పష్టంగా ఉండి బొమ్మలు మాత్రమే నల్లబడితే తప్పు కెమెరా దగ్గర జరిగిందని అర్థం. అక్షరాలు కూడా లావెక్కితే తప్పు డెవలపింగ్‌లో. ఏ నెగెటివ్ చేతికొచ్చినా బొమ్మ కంటే ముందు అంచు చూడటం నాకు అలవాటు. పశువును కొనేవాడు ముందు పళ్లు చూసినట్టు.

మీ విషయంలో కెమెరా వాటా కూడా కొంత ఉంది. జెనిత్-ఇలో షట్టర్ సెకనులో 500వ వంతు, అంటే 1/500 దగ్గర ఆగిపోతుంది. దాంతో వచ్చే హీలియోస్ లెన్స్ కన్ను ఎఫ్ 16 కంటే చిన్నగా మూసుకోదు (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుంది). స్పీడు అంటే ఫిల్మ్ వెలుతురును ఎంత తొందరగా పట్టుకుంటుందో చెప్పే అంకె. నడి ఎండలో 400 స్పీడు ఫిల్మ్‌కు సరిపోయే ఎక్స్‌పోజర్ సరిగ్గా అదే, 1/500, ఎఫ్ 16. అంటే మీరు గండికోటలో గోడకు వీపు ఆనించి నిలబడి ఫొటోలు తీశారు, వెనక్కి ఒక్క అడుగు వేసే చోటు లేదు. పైగా ఇన్నేళ్లు బీరువాలో పడుకున్న షట్టర్ 1/500 అని చెప్పి నెమ్మదిగా కదిలే అవకాశమే ఎక్కువ. దాని లైట్ మీటర్ సెలీనియంతో పనిచేస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు కానీ వయసుతో చూపు తగ్గుతుంది. చూపు తగ్గిన మీటర్ వెలుతురు తక్కువ ఉందనుకుని ఇంకా ఎక్కువ ఇవ్వమంటుంది.

అందుకే మనవాళ్లు ఎవరు అడిగినా నేను 100, 125 స్పీడు ఫిల్మే చెప్తాను. 125 స్పీడుకు నడి ఎండలో లెక్క చాలా సులువు: 1/125, ఎఫ్ 16. అదే వెలుతురు 1/250కి ఎఫ్ 11, 1/500కి ఎఫ్ 8. ఇప్పుడు మీ చేతిలో మూడు దారులున్నాయి. ఒక ఆరెంజ్ ఫిల్టర్ పెట్టుకున్నా, అది రెండు స్టాపులు (ఒక స్టాపు అంటే వెలుతురు సగమో రెట్టింపో కావడం) తినేస్తుంది కాబట్టి, 1/250కి ఎఫ్ 5.6 దగ్గర హాయిగా పని జరుగుతుంది. గండికోటకు ఆ ఫిల్టర్ తప్పకుండా తీసుకెళ్లండి. పెన్నా కోసుకుంటూ పోయిన ఆ ఎర్రటి బండలు ఫిల్టర్ లేకపోతే ఆకాశమూ తామూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ఆరెంజ్ పెడితే బండ తేలికవుతుంది, ఆకాశం బరువెక్కుతుంది, లోయకు లోతు వస్తుంది. 400 ఫిల్మ్ ఎందుకూ పనికిరాదని కాదు. ఒంటిమిట్ట గుడి మండపంలో, సాయంత్రం సంతలో, పెళ్లి ఇంట్లో అదే కావాలి. కానీ మీరు రాసినదాన్ని బట్టి మీ మనసు ఆరుబయట బండల మీదే ఉన్నట్టుంది.

ఇక 100 స్పీడుల్లో ఏది? ఇల్‌ఫర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ నా మొదటి మాట. దాని స్పీడు 125. ఆ వంశంలో మొదటి ఫిల్మ్ 1935లోది, ఎఫ్‌పీ4 1968లో వచ్చింది, ఇప్పటి ప్లస్ 1990లో. పాత పద్ధతి గ్రెయిన్ (బొమ్మను కట్టే వెండి రేణువులు) ఉన్న ఫిల్మ్, అదే దాని గొప్పతనం. ఒక డిగ్రీ అటూ ఇటూ అయినా, అర నిమిషం ఎక్కువ తక్కువైనా అలగదు. డబ్బు చూసుకోవాలంటే కెంట్‌మియర్ 100, చెక్ దేశం నుంచి వచ్చే ఫోమాపాన్ 100 ఉన్నాయి, రెండూ మంచివే. ఫోమాను మాత్రం 100 అని రాసినా 64 అనుకుని తీయండి, నీడల్లో వివరం దక్కుతుంది.

కొడాక్ టీ-మ్యాక్స్ 100, ఇల్‌ఫర్డ్ డెల్టా 100 వేరే రకం. వాటి గ్రెయిన్ పలకలు పలకలుగా ఉంటుంది, బొమ్మ ఇంకా నునుపుగా వస్తుంది. కానీ అవి, ముఖ్యంగా టీ-మ్యాక్స్, టైమూ వేడీ కచ్చితంగా ఉండాలంటాయి, హైపోలో, అంటే బొమ్మను నిలబెట్టే ఫిక్సర్‌లో, ఎక్కువసేపు ఉంచమంటాయి. ఏసీ గదిలో డిజిటల్ థర్మామీటర్ పెట్టుకున్నవాళ్లకు అవి. మొదటి పది రీళ్లు ఎఫ్‌పీ4తోనే తీయండి, మధ్యలో మార్చకండి. రీలుకో ఫిల్మ్, నెలకో డెవలపర్ మార్చుకుంటూ పోతే ఏ తప్పు ఎక్కడిదో ఎప్పటికీ తెలియదు.

ఫిల్మ్ కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మన దగ్గర షాపుల్లో దొరకదు కాబట్టి పెద్ద ఊళ్ల నుంచి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. మే నెలలో కొరియర్ వ్యాన్‌లో నాలుగు రోజులు ఉడికిన ఫిల్మ్‌కు పొగ పడుతుంది, అంటే వెలుతురు తగలకుండానే మసకబారుతుంది. వీలైతే ఫిబ్రవరిలోపే వేసవికి సరిపడా తెప్పించుకుని, గాలి దూరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక గంటా రెండు గంటలు ఆగి మూత తీయండి, లేకపోతే ఫిల్మ్ చెమటలు పట్టేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, నీళ్లు. ఫిల్మ్ కడగాలనగానే అందరూ చీకటి గది గురించి అడుగుతారు. చీకటిదేముంది, రాత్రి పూట ఎవరింట్లోనైనా దొరుకుతుంది. నేను 1985 ప్రాంతంలో కర్నూలులో ఒక స్టూడియోలో హెల్పర్‌గా ఉండేవాణ్ని. మే నెల, పెళ్లి రీలు. డెవలపర్‌లో ఐసు వేసి చల్లబరిచి, బాగానే కడిగాను. హైపో కూడా చల్లటిదే. ఆఖరున నీళ్లతో కడగడానికి ఫిల్మ్ ఉన్న డెవలపింగ్ ట్యాంకును తీసుకెళ్లి కొళాయి కింద పెట్టేశాను. మిద్దె మీద సిమెంటు తొట్టిలో కాగిన నీళ్లు. ఆరాక వెలుతురుకు పట్టి చూస్తే పెళ్లికూతురు మొహం మీద, ఎండిన చెరువులో ఉంటాయే, ఆ నెర్రెలు. ఫిల్మ్ మీద పూత అంటే జెలటిన్, పాయసంలో వేసే చైనా గడ్డి లాంటిదే అనుకోండి. చల్లటి నీళ్ల నుంచి ఒక్కసారిగా వేడి నీళ్లలోకి పోతే ఉబ్బి, ముడుచుకుని అలా చిట్లుతుంది. ఓనరు నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి రోజు పొద్దున రెండు కొత్త కుండలు మోసుకొచ్చి డార్క్‌రూమ్ మూల ఇసుకలో కూర్చోబెట్టాడు. ఇంక మీదట ఏ నీళ్లు తాకినా ఇందులోవే అన్నాడు. పెళ్లివారికి ఏం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పటి ఫిల్మ్‌ల పూత అప్పటికంటే గట్టిది, అంత తేలిగ్గా చిట్లదు. అయినా డెవలపర్ నుంచి ఆఖరి నీళ్ల దాకా అన్నీ రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండాలన్న సూత్రం మారలేదు. 20 డిగ్రీలు సాధించడం కంటే అన్నిటినీ ఒకే వేడి మీద ఉంచడం ముఖ్యం. అందుకే కుండ. మన కరువు సీమలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కుండ చెమర్చి నీళ్లు బాగా చల్లబడతాయి. రాత్రి పోసిపెట్టి తెల్లవారుజామున థర్మామీటర్ పెడితే నడి వేసవిలో కూడా మా ఇంట్లో 26, 27 దగ్గర ఉంటాయి. చలికాలంలో అయితే 20, 22. వానలు పడి గాలి తడిగా ఉన్న రోజుల్లో కుండ పెద్దగా సాయం చేయదు, అది గుర్తుంచుకోండి.

థర్మామీటర్ అంటే జ్వరం చూసేది కాదమ్మా, అది 35 దగ్గరే మొదలవుతుంది. స్కూల్ ల్యాబ్‌లకు సామాను అమ్మే షాపులో గాజుది దొరుకుతుంది.

వేసవిలో చేసే పద్ధతి ఇది. ముందు రోజు రాత్రి రెండు చిన్న నీళ్ల బాటిళ్లు ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. వంటింటి కడప బండ మీద ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టి కుండ నీళ్లు పోయండి. డెవలపర్, స్టాప్ బాత్ (డెవలపర్ పనిని ఆపే పులుపు నీళ్లు), హైపో, కడగడానికి నీళ్లు, అన్నీ సీసాల్లో పోసి ఆ టబ్బులో నిలబెట్టండి. గడ్డకట్టిన బాటిల్ ఒకటి మధ్యలో వేసి, 24 రాగానే తీసేయండి. ఐసు ముక్కలు నేరుగా డెవలపర్‌లో వేయొద్దు, అది పలచబడిపోతుంది, మీ లెక్క తప్పుతుంది. అర గంట వదిలేస్తే అన్ని సీసాలూ ఒకే వేడికి వస్తాయి. ఆ అర గంటలో టీ తాగండి కానీ, ఆ బండ మీద వంట గిన్నెలేవీ ఉండకూడదు. కొలత గ్లాసులు, గరాటు, బకెట్ అన్నీ ఈ పనికే విడిగా పెట్టుకోండి. డెవలపర్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టే తెలివి ఎవరికీ రాకూడదు, ఇంట్లో పిల్లలు ఉంటే మరీను.

టైము సంగతి. ఎఫ్‌పీ4కి ఐడి-11 ఒకటికి ఒకటి నీళ్లతో 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. 24 దగ్గర ఏడున్నర. ఇంతకంటే బాగా వేడెక్కితే టైము 5 నిమిషాల దగ్గరికి జారుతుంది, అప్పుడు డెవలపర్ పోయడంలో, తీయడంలో అయ్యే పది సెకన్ల తేడా కూడా ఫిల్మ్ మీద చారలుగా కనిపిస్తుంది. దానికి ఒక ఉపాయం ఉంది. డెవలపర్‌ను ఇంకా పలచన చేయండి, ఒకటికి మూడు నీళ్లు. 20 డిగ్రీల దగ్గర దానికి 20 నిమిషాలు పడుతుంది. అదే 27 దగ్గర పదికి వస్తుంది. అంటే కుండ నీళ్లు ఎలా ఉన్నాయో అలాగే, ఐసు లేకుండా, పది నిమిషాల్లో ప్రశాంతంగా పని అయిపోతుంది. నేను వేసవి మొత్తం ఇలాగే చేస్తాను. మాయ ఏమీ లేదు, పలచని మజ్జిగ ఆలస్యంగా పులిసినట్టే. ఒక షరతు మాత్రం ఉంది, రీలుకు కనీసం 100 మి.లీ. అసలు డెవలపర్ అందాలి. ఒక రీలు పట్టే ట్యాంకులో 300 మి.లీ. మాత్రమే పడుతుంది కాబట్టి, రెండు రీళ్ల ట్యాంకు కొనుక్కుని 400 మి.లీ. కలుపుకోండి.

ఈ అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే. నడి ఎండలో తీసిన రీలైతే, తెల్ల సున్నం గోడ ఒక పక్క, దాని నీడ ఒక పక్క ఉండే మన వెలుతురులో, 125 ఫిల్మ్‌ను 64 అనుకుని ఎక్స్‌పోజర్ ఇచ్చి డెవలపింగ్ టైము 15 నుంచి 20 శాతం తగ్గించండి. నీడల్లో వివరం ఎక్స్‌పోజర్‌తో వస్తుంది, తెల్లటి చోట్ల వివరం డెవలపింగ్ తగ్గిస్తే నిలుస్తుంది. ఇంకో మాట, మీ ఊళ్లో ఎక్కడ చూసినా నల్ల బండలే. మీటర్‌ను కడప బండ వైపు తిప్పి చూస్తే అది చీకటనుకుని మోసపోతుంది. మీ అరచేతిని అదే ఎండలో పెట్టి కొలిచి, దానికి ఒక స్టాపు ఎక్కువ ఇవ్వండి.

పాలమీగడ మచ్చలకు వస్తే, అవి డెవలపర్ వల్ల కాదు, ఫిల్మ్ ఎక్కించేటప్పుడు జరిగిన పొరపాటు. చేంజింగ్ బ్యాగ్‌లో, అంటే వెలుతురు దూరని సంచిలో, చేతులు పెట్టి ఎక్కించారా? ఏప్రిల్‌లో ఐదు నిమిషాలకే బ్యాగ్ లోపల ఆవిరి పడుతుంది. చెమట తగిలిన ఫిల్మ్, ట్యాంకులో దాన్ని చుట్టి పెట్టే గాడుల ప్లాస్టిక్ స్పైరల్‌లో జారదు, గాడి తప్పి పక్క చుట్టుకు అతుక్కుంటుంది. అతుక్కున్న చోటికి డెవలపరూ పోదు, హైపో కూడా పోదు. ఆ మచ్చ అదే. దీనికి మందు ఒకటే: రాత్రి అయ్యాకో, తెల్లవారుజామున నాలుగింటికో బాత్రూమ్‌లో తలుపు సందులకు దుప్పటి కుక్కి, బ్యాగ్ లేకుండా ఎక్కించండి. పది నిమిషాలు చీకట్లో కూర్చుంటే ఎక్కడ వెలుతురు దూరుతోందో కళ్లకే తెలుస్తుంది. స్పైరల్ ఎండి ఉండాలి, చుక్క తడి ఉన్నా ఎక్కదు. సినిమాల్లో చూపించే ఎర్ర బల్బు వేద్దామనుకోకండి. అది ప్రింటు కాగితానికి. ఫిల్మ్ ఎరుపును కూడా చూస్తుంది. పాడైన రీలు ఒకటి తీసుకుని టీవీ చూస్తూ, కళ్లు మూసుకుని ఇరవై సార్లు ఎక్కించి తీయండి, చేతులకు అలవాటవుతుంది. ఎక్కించి మూత పెట్టాక మిగతా పనంతా పగటి వెలుతురులోనే.

డెవలపర్ పోశాక మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు ట్యాంకును తలకిందులు చేయండి, బండ మీద ఒకసారి తట్టండి, బుడగలు పోతాయి. ఆ తర్వాత ప్రతి నిమిషం మొదట్లో అలాగే నాలుగుసార్లు. కంగారులో మజ్జిగ చిలికినట్టు ఊపేవాళ్లను చూశాను, కాంట్రాస్ట్ పెరగడం తప్ప లాభం లేదు. స్టాప్ బాత్ కోసం ప్రత్యేకంగా కొనక్కర్లేదు, కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు లీటరుకు 15 గ్రాములు చాలు. ర్యాపిడ్ ఫిక్సర్ అయితే ఒకటికి నాలుగు నీళ్లు. పాత హైపో స్ఫటికాలు ఇప్పటికీ పనిచేస్తాయి, నెమ్మదిగా. ఎంతసేపు అనేది ఫిల్మ్‌నే అడగండి: రీలు చివర కత్తిరించిన ముక్కను వెలుతురులోనే హైపోలో వేసి, పాల రంగు పోయి అద్దంలా కావడానికి ఎంత టైము పట్టిందో చూడండి. దానికి రెట్టింపు ఉంచితే సరి. ముక్క తేటపడటానికి మొదటిసారి పట్టిన దానికి రెండింతలు పడుతోందంటే ఆ హైపో అయిపోయినట్టే. వాడిన హైపోలో వెండి ఉంటుంది. దాన్ని చెట్లకో బావిలోకో పోయకండి. ఒకప్పుడు స్టూడియోల నుంచి, ఎక్స్‌రే సెంటర్ల నుంచి వాడిన హైపోను వెండి తీసేవాళ్లు డబ్బిచ్చి మరీ కొనుక్కుపోయేవారు.

కడగడం గురించి పాత అలవాటు ఒకటి మానుకోవాలి. అర గంట సేపు కొళాయి కింద ట్యాంకును వదిలేసేవాళ్లం. మూడు రోజులకోసారి నీళ్లొచ్చే వీధిలో అది పాపం. ఇల్‌ఫర్డ్ వాళ్లు చెప్పిన పద్ధతి ఉంది: ట్యాంకు నింపి ఐదుసార్లు తలకిందులు చేసి పారబోయాలి, మళ్లీ నింపి పదిసార్లు, మళ్లీ నింపి ఇరవైసార్లు. అయిపోయింది. మొత్తం రెండు లీటర్లు కూడా కాదు.

మీ ఉప్పు చుక్కలు బోరు నీళ్లవి. ఏం లేదు, ఆఖరు నీళ్లు మాత్రం క్యాన్ నీళ్లో, ఇన్వర్టర్ బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరో వాడండి. అందులో ఒక్క చుక్క షాంపూ, నురగ రాకుండా. రెండు నిమిషాలు ఉంచి, వేలాడదీసి, కింద బట్టల క్లిప్పు బరువుగా పెట్టండి. ఫ్యాను వేయొద్దు. మన దుమ్ము గాలికి కిటికీ మూసేసిన బాత్రూమ్, అప్పుడే నేల తడిపినది, అంతకంటే మంచి చోటు లేదు. డెవలపర్ కలపడానికి కూడా క్యాన్ నీళ్లే వాడండి.

ఇక గండికోట నెగెటివ్‌లు. కొత్త హైపో కలిపి, ఆ మచ్చలున్న ముక్కలను వెలుతురులోనే ఐదు నిమిషాలు ముంచండి. మీగడ పోతుంది. అక్కడ బొమ్మ ఉంటే కనిపిస్తుంది, లేకపోతే గాజులా మిగులుతుంది, దానికి చేసేదేమీ లేదు. తర్వాత మొత్తం నెగెటివ్‌లను క్యాన్ నీళ్లలో పది నిమిషాలు నానబెట్టండి. ఉప్పు చుక్కలు మొండికేస్తే అరలీటరు నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ వేసి కాసేపు ఉంచి మళ్లీ మంచి నీళ్లతో కడగండి. వేలితో రుద్దకండి, తడిలో పూత లేచిపోతుంది. నలుపును తగ్గించే మందులున్నాయి కానీ మొదటి రీలు మీద వాటి జోలికి పోవద్దు. గట్టి వెలుతురు వెనక పెట్టి కెమెరాతో ఫొటో తీసుకుంటే ఆ బొగ్గులోంచి కూడా చాలా వరకు బయటికి వస్తుంది, గరుకుగా ఉంటుంది, అంతే.

డెవలపర్ ప్యాకెట్ దొరకడం కష్టమైతే కెమికల్స్ కొని మీరే కలుపుకోవచ్చు. ఐడి-11కూ, కొడాక్ వాళ్లు 1920ల్లో సినిమా నెగెటివ్‌ల కోసం తెచ్చిన డి-76కూ పెద్ద తేడా లేదు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, బోరాక్స్ 2. బోరాక్స్ అంటే మన వెలిగారమే, ఆయుర్వేదం షాపులో ఉంటుంది. సల్ఫైట్ అడిగితే సల్ఫేట్ ఇస్తారు, చీటీ చదివి తీసుకోండి. ముందు 50 డిగ్రీల నీళ్లు ముప్పావు లీటరు తీసుకుని, చిటికెడు సల్ఫైట్ వేసి, మెటాల్ కరిగించి, మిగతావి పైన చెప్పిన వరుసలోనే ఒక్కొక్కటి కరిగాకే తర్వాతది వేసి, ఆఖరున లీటరుకు నింపండి. గ్లౌజులు తప్పనిసరి, మెటాల్ కొందరి చర్మానికి పడదు. నాకు పడేది కాదు, రెండు చేతుల వేళ్లూ పగిలిపోయేవి. గొంతు దాకా నింపిన సీసాలో ఆరు నెలలు ఉంటుంది, సగం ఖాళీ అయితే రెండు నెలలే.

ఏసీ అడిగారు, అక్కర్లేదు.

మీ నాన్నగారి రీలు గురించి ఆఖరున రాయాలని ఆగాను. ఓర్వో అంటే అప్పటి తూర్పు జర్మనీలో వోల్ఫెన్ అనే ఊరి ఫిల్మ్. మా స్టూడియోకు కూడా వచ్చేది, ఊటీలో తయారైన మన ఇందు ఫిల్మ్ పక్కనే అరలో ఉండేది. దాని మీద 22 అన్నది జర్మన్ లెక్క స్పీడు. ఇప్పటి లెక్కలో 125. ఏ ఫిల్మ్ మంచిదని నన్ను అడిగారు కదా, అదే కెమెరాకు, ఇదే ఎండకు మీ నాన్నగారు తేల్చుకున్న స్పీడు అది.

దాన్ని ఇప్పుడు కడగకండి. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఇన్ని వేసవులు బీరువాలో గడిపింది కాబట్టి పొగ ఎలాగూ పట్టి ఉంటుంది, ఇంకో ఆరు నెలలు చల్లగా ఉంటే కొత్తగా చెడేది తక్కువ. ఈలోపు ఎఫ్‌పీ4వి నాలుగు రీళ్లు తీసి కడగండి. అంచు అక్షరాలు నాలుగు రీళ్ల మీదా ఒకేలా వచ్చిన రోజు మీ చెయ్యి కుదిరినట్టు. అప్పుడు ధనుర్మాసంలో ఒక తెల్లవారుజామున, కుండ నీళ్లు వాటంతట అవే 20 చూపించే వేళ మొదలుపెట్టండి. పాత ఫిల్మ్ పెళుసుగా ఉంటుంది, గట్టిగా చుట్టుకుపోయి స్పైరల్ ఎక్కనంటుంది, తొందరపడొద్దు. చీకట్లోనే లీడర్ (రీలు మొదట్లో బొమ్మలుండని కొస) తర్వాత జానెడు ముక్క కత్తిరించి, దాన్ని మాత్రం ముందు ఐడి-11 ఒకటికి ఒకటి, 11 నిమిషాలు కడిగి చూడండి. ఒక బొమ్మ పోతుందేమో, మిగతావి దక్కుతాయి. ముక్క మరీ పలచగా వస్తే మిగతాదానికి రెండు నిమిషాలు కలపండి. నెగెటివ్ అంతా బూడిద రంగు ముసుగేసినట్టు ఉంటుంది, చెడిపోయిందనుకుని మధ్యలో వదిలేయకండి, హైపోలో పూర్తి టైము ఉంచండి. ఆ ముసుగు వెనకాల ఏముందో ఆరాకే తెలుస్తుంది.